ఇటలీలో స్టూడెంట్ జీవితం: జూనియర్లు, వాళ్ల అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇటలీలో సీటొచ్చిన మనవాళ్లు ఏటా జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. అడ్మిషన్, వీసా సంగతులు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. విమానం దిగాక రోజులెలా గడుస్తాయి, డబ్బు ఎక్కడ పోతుంది, ఏ కాగితానికి ఏ క్యూలో నిలబడాలి అన్నవే ఇక్కడ రాస్తున్నాను. నేనుండేది ఉత్తరాన తొరీనోలో, అంటే మనం టూరిన్ అనే ఊళ్లో. అందుకని ఉదాహరణలు ఎక్కువగా ఈ ఊరివే ఉంటాయి. ధరలు ఊరిని బట్టీ, ఏడాదిని బట్టీ మారుతుంటాయి, అది గుర్తుంచుకుని చదవండి.

దిగగానే మొదట చేయాల్సిన పని ఏంటి?

పెర్మెస్సో ది సోజోర్నోకి అప్లై చేయడం. ఇది మీ నివాస అనుమతి పత్రం. ఇటలీలో అడుగుపెట్టిన 8 పనిదినాల్లోపు దరఖాస్తు పెట్టాలి. వీసా ఉంది కదా, తర్వాత చూద్దాంలే అనుకోవద్దు. వీసా లోపలికి రావడానికి, ఇక్కడ ఉండటానికి కావలసింది ఇది.

పోస్టాఫీసుకి వెళ్లి "కిట్" అడిగితే ఒక పెద్ద కవరు ఇస్తారు. అన్ని పోస్టాఫీసుల్లోనూ ఈ పని జరగదు, "స్పోర్తెల్లో అమికో" అనే కౌంటర్ ఉన్న వాటిలోనే తీసుకుంటారు. ఫారం నింపి, పాస్‌పోర్ట్ జిరాక్స్, అడ్మిషన్ లెటర్, ఇన్సూరెన్స్, డబ్బుందని చూపే కాగితాలు జతచేసి, కవరు అంటించకుండా ఇవ్వాలి. ఖర్చు ఇలా ఉంటుంది: 16 యూరోల మార్కా ద బోల్లో, అంటే మన రెవెన్యూ స్టాంపు లాంటిది, ఇది తబాక్కి అనే సిగరెట్ల కొట్లో దొరుకుతుంది, పెర్మెస్సో కార్డుకి 30.46 యూరోలు, ఏడాది లోపు పర్మిట్ ఫీజు 40, పోస్టాఫీసు వాళ్లకి 30. మొత్తం 116 యూరోల పైచిలుకు. ఫారం ఇటాలియన్‌లోనే ఉంటుంది కాబట్టి చాలా యూనివర్సిటీల్లో ఇంటర్నేషనల్ ఆఫీసు వాళ్లు నింపడానికి సాయం చేస్తారు. పాత్రొనాతో అనే సేవా కేంద్రాలు కూడా ఉన్నాయి.

కౌంటర్లో ఇచ్చే రసీదుని ప్రాణంలా చూసుకోండి. కార్డు వచ్చేదాకా బ్యాంకులో, ఇంటి ఓనరు దగ్గర, యూనివర్సిటీలో మీ ఉనికికి సాక్ష్యం అదే. అదే రోజు క్వెస్తూరాలో, అంటే పోలీసుల ఇమిగ్రేషన్ ఆఫీసులో, వేలిముద్రల తేదీ కూడా ఇస్తారు. ఆ తేదీ వచ్చే వారమే ఉండొచ్చు, నాలుగు నెలల తర్వాతైనా ఉండొచ్చు. టెన్షన్ పడకండి. ఇటలీలో పనులు అవుతాయి, కాకపోతే ఆలస్యంగా అవుతాయి. ఆ మధ్యకాలంలో ఎలా బతకాలో తెలుసుకుంటే సగం కష్టం తీరినట్టే. ఇక్కడ రాసేవన్నీ దాదాపుగా ఆ మధ్యకాలం గురించే.

కోదిచే ఫిస్కాలే అంటే ఏంటి? అది లేకపోతే ఏమవుతుంది?

ఇది 16 అక్షరాలూ అంకెలూ కలిసిన నంబర్. మన పాన్, ఆధార్ రెండూ కలిపి ఒకటే అనుకోండి. సిమ్ కార్డు, అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా, జిమ్, ఏది కావాలన్నా మొదట అడిగేది అదే. అజెన్జియా దెల్లె ఎంత్రాతె అనే పన్నుల ఆఫీసులో ఉచితంగా ఇస్తారు. డబ్బులు తీసుకుని చేయిస్తామనేవాళ్లకి ఒక్క యూరో ఇవ్వకండి. మీ పేరు, పుట్టిన తేదీ, పుట్టిన దేశం నుంచే ఆ అక్షరాలు వస్తాయి కాబట్టి పాస్‌పోర్ట్‌లో పేరు ఎలా ఉందో అలాగే ఇవ్వాలి. మన ఇంటిపేర్ల వరస ఇక్కడ చాలామందికి తలనొప్పి తెస్తుంది. ఏ ఫారంలోనైనా "కొన్యోమే" అంటే ఇంటిపేరు, "నోమే" అంటే మన పేరు. ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా రాస్తే ఆ తేడాని సరిచేయించుకోవడానికి నెలలు పడుతుంది.

ఇటలీలో చదువు ఫ్రీ అంటున్నారు. నిజమేనా?

సగం నిజం. కన్సల్టెన్సీల వాళ్లు మిగతా సగం చెప్పరు.

ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు మీ కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. ఆ లెక్కని ఇజే అంటారు. మన కుటుంబం ఇటలీలో ఉండదు కాబట్టి మనకి వర్తించేది "పరిఫికాతో" రకం. ఇది ఏడాదికి 22,000 యూరోల లోపు ఉంటే దేశమంతటా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు. విదేశీ విద్యార్థులకి ఆదాయంతో పని లేకుండా వేరే స్లాబు పెట్టిన యూనివర్సిటీలు కూడా ఉన్నాయి, మీ యూనివర్సిటీ నోటిఫికేషన్ చదవండి. ఫీజు సున్నా అయినా ప్రాంతీయ పన్ను, స్టాంపు ఖర్చు వేరే ఉంటాయి. మొత్తం మీద 150 యూరోల అటూ ఇటూ. స్కాలర్‌షిప్ వస్తే అందులో చాలావరకు మాఫీ అవుతుంది.

స్కాలర్‌షిప్ ఇచ్చేది యూనివర్సిటీ కాదు, ఆ ప్రాంతం. పియెమోంతెలో ఎదిసు, ఎమీలియా-రొమాన్యాలో ఎర్గో, తోస్కానాలో డిఎస్‌యు, రోమ్ ఉన్న లాత్సియోలో లాత్సియోదిస్కో. లొంబార్దియాలో మాత్రం యూనివర్సిటీలే చూసుకుంటాయి. వేరే ఊరి నుంచి వచ్చి అద్దెకుండే విద్యార్థిని "ఫువోరి సేదే" అంటారు, వాళ్లకి గరిష్ఠంగా ఏడాదికి సుమారు 7,000 యూరోలు. సైన్స్, ఇంజినీరింగ్ చదివే అమ్మాయిలకి దాని మీద 20 శాతం ఎక్కువ. అయితే ఫువోరి సేదే అనిపించుకోవాలంటే కనీసం 10 నెలల రిజిస్టర్డ్ అద్దె ఒప్పందం చూపించాలి. అది లేనివాళ్లకి మొత్తం బాగా తగ్గిపోతుంది. ఓనరు ఒప్పందం రిజిస్టర్ చేయనంటే నెలకి యాభై యూరోలు మిగిల్చాడని సంబరపడకండి, స్కాలర్‌షిప్‌లో వేలు పోతాయి.

ఆ ఆదాయం కాగితాలు ఇండియాలో ఎలా తయారు చేసుకోవాలి?

ఇది బయల్దేరక ముందే చేసుకోవాల్సిన పని. ఇక్కడికొచ్చాక నాన్నగారిని ఆఫీసుల చుట్టూ తిప్పడం చాలా కష్టం.

మూడు నాలుగు వివరాలు కావాలి: కుటుంబంలో ఎవరెవరున్నారు, ఎవరి ఆదాయం ఎంత, ఇల్లు ఎన్ని చదరపు మీటర్లు, బ్యాంకుల్లో డిసెంబర్ 31 నాటికి ఎంత ఉంది. ఆదాయం అడిగేది రెండేళ్ల కిందటి క్యాలెండర్ సంవత్సరానిది. మన లెక్కలు ఏప్రిల్ నుంచి మార్చి వరకు కాబట్టి తహసీల్దార్ ఆఫీసులో ఇది అర్థమయ్యేలా చెప్పడమే పెద్ద పని. మీసేవలోనో, గ్రామ సచివాలయంలోనో తీసుకున్న సర్టిఫికెట్ మీద జనవరి నుంచి డిసెంబర్ అని స్పష్టంగా ఉందో లేదో చూసుకోండి. తర్వాత అపోస్టిల్, అంటే మన కాగితం విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర, ఆ తర్వాత ఇటాలియన్ అనువాదం. సొంతిల్లు ఉంటే చదరపు మీటరుకి 500 యూరోల చొప్పున ఆస్తిగా లెక్కేస్తారు. చదరపు అడుగులు, గజాలు రాయించుకొచ్చి ఇక్కడ వాటిని మీటర్లలోకి మార్చలేక అవస్థ పడినవాళ్లున్నారు. లెక్క కట్టేది కాఫ్ అనే సహాయ కేంద్రాలు.

ఆదాయం తగ్గించి రాయించమని సలహా ఇచ్చేవాళ్లు తగులుతారు. చేయకండి. తనిఖీలో దొరికితే స్కాలర్‌షిప్ డబ్బు వెనక్కి కట్టించుకోవడమే కాదు, జరిమానా కూడా పడుతుంది.

స్కాలర్‌షిప్ వస్తుంది కదా, చేతిలో ఎంత పెట్టుకుని రావాలి?

లిస్టులో పేరు రావడం వేరు, ఖాతాలో డబ్బు పడటం వేరు. ఇక్కడ క్లాసులు సెప్టెంబర్ చివర్లో మొదలవుతాయి. మొదటి విడత సాధారణంగా చలికాలంలో వస్తుంది, పెర్మెస్సో రసీదు లాంటి కాగితం ఏదైనా తక్కువైతే ఇంకా వెనక్కి పోతుంది. మొదటి ఏడాది వాళ్లకి రెండో విడత మార్కులు చూశాకే. చాలా ప్రాంతాల్లో ఆగస్టు 10 నాటికి నిర్ణీత క్రెడిట్లు, అంటే సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లు, పూర్తి చేయాలి, 20 అనేది ఎక్కువచోట్ల వినిపించే సంఖ్య. నవంబర్ 30 నాటికి కూడా అవి రాకపోతే మొదట ఇచ్చిన విడత కూడా వెనక్కి అడిగే అవకాశం ఉంది.

అందుకే నా లెక్కలో స్కాలర్‌షిప్‌ని ఈ ఏడాది ఖర్చుకి కాదు, వచ్చే ఏడాది ఖర్చుకి వచ్చే డబ్బుగా చూడాలి. కనీసం ఆరు నెలలకి సరిపడా చేతిలో ఉండాలి. "వచ్చాక చూసుకుందాం, ఫ్రీయే కదా" అని అప్పు తెచ్చిన రెండు నెలల డబ్బుతో దిగినవాళ్లు డిసెంబర్లో పడే బాధ నేను చూశాను, అది చదువుని తినేస్తుంది.

నెలకి ఎంతవుతుంది?

తొరీనోలో పొదుపుగా ఉంటే గది అద్దెతో కలిపి 600 నుంచి 750 యూరోలు. మిలాన్‌లో ఒక్క సింగిల్ రూముకే దాదాపు అంత పోతుంది. 2023 మే నెలలో మిలాన్‌లో ఒక విద్యార్థిని అద్దెలు భరించలేక పొలితెక్నికో యూనివర్సిటీ ముందు టెంట్ వేసుకుని కూర్చుంటే, ఆ నిరసన మిగతా యూనివర్సిటీ ఊళ్లకీ పాకింది. దక్షిణాన మెస్సీనా లాంటి ఊళ్లలో అద్దె బాగా తక్కువ. కాకపోతే పార్ట్‌టైమ్ పనులూ తక్కువే.

ఫోన్ మాత్రం ఇండియా తర్వాత ఇక్కడే చవక అనిపిస్తుంది. పది యూరోల లోపే నెలకి వంద జీబీ పైన డేటా ఇచ్చే కంపెనీలున్నాయి. మిలాన్‌లో 27 ఏళ్ల లోపువాళ్లకి సిటీ బస్సు, మెట్రో పాస్ నెలకి 22 యూరోలు, ఏడాదికి 200.

గది ఎలా వెతుక్కోవాలి? ఇండియా నుంచే బుక్ చేసుకోవచ్చా?

ముందు స్కాలర్‌షిప్ సంస్థ నడిపే రెసిడెన్సులకి అప్లై చేయండి. దొరికితే అదృష్టం. దొరక్కపోతే మొదటి రెండు మూడు వారాలకి హాస్టల్లోనో సీనియర్ల గదిలోనో సర్దుకుని, కళ్లారా చూసి తీసుకోవడం మంచిది. ప్రకటనల్లో "సింగొలా" అంటే ఒక్కరి గది, "పోస్తో లెత్తో" అంటే ఇద్దరుండే గదిలో ఒక మంచం.

మోసాలు ఒకే పద్ధతిలో ఉంటాయి. ఊరి నడిబొడ్డున అందమైన ఫ్లాటు, అద్దె నమ్మలేనంత తక్కువ, ఓనరు ప్రస్తుతం ఇంకో దేశంలో ఉన్నాడు, తాళాలు కొరియర్లో పంపుతాడట, ముందు రెండు నెలల అద్దె పంపాలట. వీడియో కాల్లో కూడా ఇల్లు చూపించనివాళ్లకి డబ్బు పంపకండి. తెలుగువాళ్లే తెలుగువాళ్లకి మంచం అమ్ముకునే బేరాలు కూడా నడుస్తుంటాయి. మనవాడే కదా అని కాగితం లేకుండా దిగితే, పెర్మెస్సోకీ స్కాలర్‌షిప్‌కీ చూపించడానికి అడ్రసు ఉండదు.

విద్యార్థుల కోసం ప్రత్యేకంగా ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు రాసే ఒప్పందం ఒకటుంది, అది అడగండి. కపర్రా అనే అడ్వాన్సు మూడు నెలల అద్దెకి మించకూడదు. యూరప్ బయటి నుంచి వచ్చినవాళ్లు ఇంట్లో దిగితే 48 గంటల్లో పోలీసులకి తెలియజేయడం ఓనరు బాధ్యత. ఆ కాగితం కాపీ మీ దగ్గర పెట్టుకోండి. ఒప్పందంలో "స్పేజె" అని రాసున్న చోట ఆగి చదవండి. అద్దెలో కరెంటు, గ్యాస్, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ కలిసున్నాయా, విడిగా కట్టాలా అన్నది అక్కడే తేలుతుంది.

ఇంట్లో మాటిమాటికీ కరెంటు పోతోంది. ఎందుకు?

కరెంటు పోవడం కాదు, మీటరు ట్రిప్ అవుతోంది. ఇటలీ ఇళ్లలో ఎక్కువగా ఉండేది 3 కిలోవాట్ల కనెక్షన్. ఒకరు ఓవెన్ పెట్టి, ఇంకొకరు వాషింగ్ మెషిన్ వేసి, మీరు కెటిల్ ఆన్ చేస్తే అంతా చీకటి. మీటరు కింద సెల్లార్లో ఉంటే పైజామాతో మెట్లు దిగాల్సిందే. ఇంట్లో నలుగురూ కూర్చుని వాషింగ్ మెషిన్ టైమ్ మాట్లాడుకుంటే గొడవ ఉండదు.

హీటింగ్ కూడా మన ఇష్టం కాదు. తొరీనో, మిలాన్, బొలోన్యా ఉన్న జోన్‌లో అక్టోబర్ 15 నుంచి ఏప్రిల్ 15 వరకు, రోజుకి 14 గంటలే అనుమతి. రోమ్, ఫ్లోరెన్స్‌లలో నవంబర్ 1 నుంచి, 12 గంటలు. అక్టోబర్ మొదటి వారంలో వణికిపోయినా బిల్డింగు మొత్తానికి ఒకే బాయిలర్ ఉంటే ఎవరూ ఏమీ చేయలేరు. రెండు దుప్పట్లు కొనుక్కోండి.

బాత్రూములో నీళ్లుంటాయా? (అమ్మలు తప్పకుండా అడిగే ప్రశ్న)

ఉంటాయండీ. 1975 నాటి నిబంధన ప్రకారం ఇటలీలో ప్రతి ఇంట్లో కనీసం ఒక బాత్రూములో బిడే, అంటే కడుక్కోవడానికి కుళాయి ఉన్న తొట్టి, ఉండాలి. మిగతా యూరప్‌లో చదివే స్నేహితులకి ఈ విషయం గర్వంగా చెప్పుకోవచ్చు.

అన్నం, పప్పు, పెరుగు దొరుకుతాయా?

దొరుకుతాయి. పైగా మీరు దిగేది వరి పండే దేశంలో. యూరోపియన్ యూనియన్‌లో అన్నిటికన్నా ఎక్కువ వరి పండేది ఇటలీలోనే, అందులో ఎక్కువ భాగం తొరీనో, మిలాన్‌ల మధ్య వెర్చెల్లి, నొవారా చుట్టుపక్కల. ఏప్రిల్, మే నెలల్లో ఆ రైలెక్కితే రెండు వైపులా నీళ్లు నిలిచిన మడులు, వాటి వెనక ఆల్ప్స్ కనిపిస్తాయి. మా ఫ్రెండ్స్‌లో తణుకు నుంచి వచ్చిన అబ్బాయి ఆ దారిలో వెళ్తే ఫోన్ పక్కన పెట్టేస్తాడు.

కాకపోతే ఇక్కడి బియ్యంలో ఎక్కువ రకాలు రిసోత్తో అనే ముద్దగా వండే వంటకం కోసం. అర్బోరియో, కర్నరోలి వండితే ముద్దైపోతుంది, పెరుగన్నానికి తప్ప పనికిరాదు. సూపర్‌మార్కెట్లో "పర్‌బాయిల్డ్" అని రాసున్న రకం తీసుకోండి. పొడిపొడిగా వస్తుంది, పులిహోరకి బాగానే ఉంటుంది. బాస్మతి అన్నిచోట్లా ఉంటుంది. సోనా మసూరి కావాలంటే ఇండియన్, బంగ్లాదేశీ కొట్లకి వెళ్లాలి, ధర చూసి గుండె దిటవు చేసుకోవాలి. కందిపప్పు, చింతపండు, ఆవాలు, మినప్పప్పు కూడా ఆ కొట్లలోనే. రోమ్‌లో పియాత్సా విత్తోరియో చుట్టుపక్కల, తొరీనోలో పోర్తా పలాత్సో దగ్గర ఇవన్నీ దొరుకుతాయి.

మామూలు సూపర్‌మార్కెట్లో దొరికేవి కూడా తక్కువేమీ కాదు. "లెంతిక్కియె రొస్సె" అంటే మన ఎర్ర కందిపప్పు, అదే మైసూర్ పప్పు. "ఫరీనా ది చేచి" అంటే శనగపిండి. దాంతో ఇక్కడివాళ్లే ఫరినాతా అని ఒక మందపాటి అట్టు వేస్తారు, కాస్త ఉప్పూ మిరియాలూ వేసుకుంటే మనింటిదే అనిపిస్తుంది. ఉప్మాకి "సెమొలీనో" తీసుకోండి, "సెమోలా రిమచినాతా" తెస్తే అది పిండి, ఉప్మా జిగురుగా తయారవుతుంది. పెరుగుకి "యోగుర్త్ బియాంకో ఇంతెరో". తీపి లేని రకమే అని చూసుకోండి. చాలామంది పాలు తెచ్చి తోడేసుకుంటారు, చలికాలంలో రేడియేటర్ దగ్గర పెడితే తోడుకుంటుంది.

పోర్తా పలాత్సో గురించి ఇంకొంచెం చెప్పాలి. యూరప్‌లోని అతి పెద్ద బహిరంగ మార్కెట్లలో ఇదొకటి. మధ్యాహ్నం కొట్లు కట్టేసే వేళకి వెళ్తే టమాటాలు, వంకాయలు, కాప్సికం పెట్టెల లెక్కన అడ్డగోలు చవకగా ఇచ్చేస్తారు. శనివారం పక్క వీధుల్లో బలోన్ అనే పాత సామాన్ల సంత జరుగుతుంది, గిన్నెలూ సైకిలూ అక్కడే కొనుక్కోవచ్చు. కూరగాయల బండ్ల దగ్గర మీరే చెయ్యి పెట్టి ఏరుకుంటే కోప్పడతారు, చూపించి అడగాలి. సూపర్‌మార్కెట్లో అయితే ప్లాస్టిక్ గ్లవ్ వేసుకుని తీసుకుని, మీరే తూకం వేసి స్టిక్కర్ అంటించుకోవాలి.

నేను శాకాహారిని. ఇబ్బందా?

గోధుమ, టమాటా, చీజ్, కూరగాయల దేశం కాబట్టి ఆకలితో ఉండరు. కానీ "వెజెతరియానో" అంటే చేప తింటారేమో అనుకునే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, సలాడ్లో తోన్నో అనే ట్యూనా చేప వేసి ఇస్తారు. "సెంత్సా కార్నె, సెంత్సా పెష్షె" అని రెండూ చెప్పాలి. పియదీనా రొట్టెల్లో, కొన్ని ఫొకాచ్చాల్లో స్త్రుత్తో అనే పంది కొవ్వు కలుపుతారు. పార్మిజానో చీజ్‌లో పాలు గడ్డకట్టడానికి వాడే రెన్నెట్ దూడ కడుపు నుంచి తీసేది. ఎంతవరకు పట్టించుకోవాలన్నది మీ ఇష్టం, తెలిసి తినండి.

మాంసాహారుల్లో బీఫ్, పోర్క్ తినని వాళ్లు "మాన్జో", "మయాలె" అనే రెండు మాటలు నేర్చుకోవాలి. యూనివర్సిటీ మెన్సాలో, అంటే క్యాంటీన్‌లో, రోజూ మాంసం లేని పదార్థం ఒకటైనా ఉంటుంది. స్కాలర్‌షిప్ ఉన్నవాళ్లకి ఉచితంగానో చాలా తక్కువకో పూర్తి భోజనం పెడతారు. పాస్తా చప్పగా ఉందని రోజూ గదికొచ్చి వండుకునేవాళ్లు డబ్బు, సమయంతో పాటు ఇటాలియన్ స్నేహితుల్ని సంపాదించుకునే అవకాశాన్ని కూడా పోగొట్టుకుంటున్నారని నా అభిప్రాయం. జేబులో చిన్న కారప్పొడి సీసా పెట్టుకుని వెళ్లండి.

కోర్సు ఇంగ్లిష్‌లోనే కదా, ఇటాలియన్ నేర్చుకోవాలా?

క్లాసులో అక్కర్లేదు. క్లాసు బయట ప్రతిచోటా కావాలి. క్వెస్తూరా, పోస్టాఫీసు, డాక్టరు, ఓనరు, ప్లంబరు, ఎవరూ ఇంగ్లిష్‌లో మాట్లాడతారని ఆశ పెట్టుకోవద్దు. యూనివర్సిటీ భాషా కేంద్రాల్లో ఉచితంగానో తక్కువ ఫీజుకో కోర్సులుంటాయి, మొదటి సెమిస్టర్లోనే చేరండి. తర్వాత చేరదామనుకున్నవాళ్లు చేరడం అరుదు. మనకో సౌకర్యం ఉంది: ఇటాలియన్‌లో ఒత్తు పలకడం ముఖ్యం, అది పలకలేక ఇంగ్లిష్ వాళ్లు తంటాలు పడతారు, మనకి పుట్టుకతో వచ్చిన విద్య. ఆఫీసుల్లో, పెద్దవాళ్లతో "లేయ్" అనే మర్యాద రూపమే వాడండి.

పరీక్షలు ఎలా ఉంటాయి?

మన బీటెక్ పద్ధతి మర్చిపోండి. మార్కులు 30కి. పాస్ 18. బాగా మెప్పిస్తే "త్రెంతా ఎ లోదె", అంటే 30తో పాటు ప్రశంస. ఒకే సబ్జెక్టుకి ఏడాదిలో చాలాసార్లు పరీక్ష పెడతారు. జనవరి-ఫిబ్రవరి, జూన్-జూలై, సెప్టెంబర్ సీజన్లు, ఒక్కో తేదీని అప్పెల్లో అంటారు. ఎప్పుడు రాయాలో మీరే ఎంచుకుని పోర్టల్లో బుక్ చేసుకోవాలి. తప్పితే బ్యాక్‌లాగ్ అన్న ముద్రేమీ ఉండదు, మళ్లీ రాస్తారు. మార్కు నచ్చకపోతే చాలా చోట్ల వద్దని కూడా అనొచ్చు.

ఈ స్వేచ్ఛ దగ్గరే మనవాళ్లు దెబ్బతినేది. ఫిబ్రవరిలో 22 వస్తే కాదని, జూన్‌కి వాయిదా వేసి, జూన్‌లో నాలుగు సబ్జెక్టులు మీద పడి, ఆగస్టు 10 గడువు దాటిపోతుంది. మొదటి ఏడాది స్కాలర్‌షిప్ ఉన్నవాళ్లు చలికాలంలో రెండు మూడు పరీక్షలు పూర్తి చేసేసుకోవాలి. 24 వస్తే పట్టుకోండి.

ఓరల్ పరీక్షలు ఎక్కువ. ప్రొఫెసర్ ఎదురుగా కూర్చోబెట్టి, ఒక్కోసారి మిగతా విద్యార్థులంతా వింటుండగానే అడుగుతారు. మీకు నచ్చిన టాపిక్‌తో మొదలుపెట్టమని కొందరు అంటారు. ఆ ఒక్కటీ అద్భుతంగా సిద్ధం చేసుకోండి. కానీ తర్వాతి ప్రశ్న "ఎందుకు" అని వస్తుంది, బట్టీ పట్టినవాళ్లు అక్కడే దొరికిపోతారు. గదిలో పైకి మాట్లాడుతూ చదవడం అలవాటు చేసుకుంటే మేలు. చివరి డిగ్రీ మార్కు 110కి. సగటు 27 అంటే 99 దగ్గర మొదలై, దానికి థీసిస్ పాయింట్లు కలుస్తాయి. డిగ్రీ వచ్చిన రోజు తలకి ఆకుల దండ పెట్టుకుని వీధుల్లో తిరగడం ఇక్కడి ఆనవాయితీ, జూలైలో ప్రతి బార్ ముందూ అలాంటివాళ్లు కనిపిస్తారు.

పార్ట్‌టైమ్ చేసి ఖర్చులు వెళ్లదీసుకోవచ్చా?

స్టూడెంట్ పర్మిట్ మీద వారానికి 20 గంటలు, ఏడాదికి 1,040 గంటలు. చట్టం ఒప్పుకుంటుంది, భాష ఒప్పుకోదు. ఇటాలియన్ రాకుండా దొరికేవి ఫుడ్ డెలివరీ, హోటళ్లలో గిన్నెలు, గోడౌన్ పనులు, పిల్లలకి ఇంగ్లిష్ నేర్పడం. ఇటలీలో దేశమంతటికీ వర్తించే కనీస వేతన చట్టం లేదు, రంగాన్ని బట్టి కార్మిక ఒప్పందాలుంటాయి. అందుకే గంటకి ఎంతన్నది కాగితం మీద రాయించుకోవాలి. కాగితం లేని పనిని "ఇన్ నేరో" అంటారు. దాంట్లో జీతం ఎగ్గొట్టినా అడిగే దిక్కుండదు.

నాకు తెలిసినంతలో అన్నిటికన్నా మంచిది యూనివర్సిటీ ఇచ్చే గంటల పని. లైబ్రరీలో, ల్యాబులో, ఆఫీసులో ఏడాదికి 200 గంటల వరకు ఇస్తారు. మార్కులు, ఆదాయం చూసి ఎంపిక చేస్తారు. సాధారణంగా రెండో ఏడాది నుంచి దొరుకుతుంది.

జ్వరమొస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ప్రభుత్వ ఆరోగ్య సేవలో చేరితే మీకో "మేదికో ది బాజె", అంటే కుటుంబ డాక్టరు ఉంటారు, చూపించుకోవడం ఉచితం. విద్యార్థులు చేరే రుసుము 2024 నుంచి ఏడాదికి 700 యూరోలైంది, అంతకుముందు 150 లోపే ఉండేది. అది జనవరి నుంచి డిసెంబర్ వరకే చెల్లుతుంది కాబట్టి నవంబర్లో కట్టి రెండు నెలలకే పోగొట్టుకోవద్దు. ఆరోగ్య సమస్యలేవీ లేనివాళ్లు ప్రైవేట్ ఇన్సూరెన్స్‌తో నెట్టుకొస్తున్నారు. అది అత్యవసరాలకి పనికొస్తుంది గానీ మామూలు దగ్గు, చర్మ సమస్యలకి చాలా వరకు మన జేబే. షుగర్, థైరాయిడ్ లాంటివి ఉంటే 700 కట్టడమే నయం.

ప్రాణం మీదకొస్తే 112. ఆకుపచ్చ ప్లస్ గుర్తున్న ఫార్మసీలో చిన్న సమస్యలకి సలహా బాగా ఇస్తారు, యాంటీబయాటిక్ మాత్రం చీటీ లేకుండా ఇవ్వరు. పళ్ల పనులు, కళ్లజోళ్లు ఇండియాలోనే పూర్తి చేసుకుని రండి. ఇక్కడ పంటి డాక్టరు బిల్లు చూస్తే నొప్పి మర్చిపోతారు.

రైళ్లు, బస్సులు?

బాగుంటాయి, సమ్మె లేని రోజు. సమ్మెని షోపెరో అంటారు, ముందే ప్రకటిస్తారు, శుక్రవారాలు దానికి ప్రసిద్ధి. పనిదినాల్లో సమ్మె ఉన్నా ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య ముఖ్యమైన ప్రాంతీయ రైళ్లు నడపాలి. పరీక్షా, క్వెస్తూరా అపాయింట్‌మెంటూ ఉన్న రోజు ముందుగా వార్తలు చూసుకోండి.

ప్రాంతీయ రైలుకి కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫామ్ మీద మిషన్లో ముద్ర వేయించాలి. ఫోన్లో కొంటే చెక్-ఇన్ నొక్కాలి. టికెట్ కొన్నాను కదా అని వాదిస్తే టీసీ వినడు, ఫైన్ రాస్తాడు.

మిలాన్ సెంట్రల్, రోమ్ తెర్మినీ స్టేషన్లలో జేబుదొంగలతో జాగ్రత్త. పాస్‌పోర్ట్, పెర్మెస్సో ఒకే సంచిలో పెట్టుకుని తిరగకండి.

రసీదు మీద ఇండియాకి వచ్చి వెళ్లొచ్చా?

వీసా గడువు ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. వీసా అయిపోయి, చేతిలో రసీదు మాత్రమే ఉంటే, మధ్యలో ఇంకో షెంగెన్ దేశం, అంటే ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల్లో ఏదీ, తగలకుండా టికెట్ తీసుకోండి. ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్ మీదుగా వద్దు, దోహా, దుబాయ్, ఇస్తాంబుల్ మీదుగా నేరుగా ఇటలీకి. రెన్యువల్ దరఖాస్తు కార్డు గడువుకి 60 రోజుల ముందే పెట్టుకోవచ్చు. అక్క పెళ్లి ఫిబ్రవరిలో అంటే అక్టోబర్ నుంచే ఈ లెక్క వేసుకోవాలి.

ఆగస్టులో ఏం జరుగుతుంది?

ఏమీ జరగదు. ఆగస్టు 15 ఇక్కడ ఫెర్రగోస్తో పండుగ. దానికి అటూ ఇటూ ఊరంతా సముద్రానికో కొండలకో పోతుంది. ప్రొఫెసర్లు మెయిళ్లకి జవాబివ్వరు, చాలా మెన్సాలు మూతపడతాయి, వీధి చివరి బార్ షట్టర్ మీద "కియూజో పెర్ ఫేరియె" అని కాగితం ఉంటుంది. ఏ సంతకం కావాలన్నా జూలై 25 లోపే తీసుకోండి. తొరీనోలో ఎద్దు తల ఆకారపు ఆకుపచ్చ కుళాయిల నీళ్లు తాగుతూ, వాలెంతీనో పార్కులో చెట్ల కింద చదువుకోవడానికి మాత్రం ఇది మంచి కాలం.

ఇంటికి ఫోన్ ఎప్పుడు చేయాలి?

ఇండియా ఇటలీకన్నా చలికాలంలో నాలుగున్నర గంటలు, మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబర్ చివరి ఆదివారం దాకా మూడున్నర గంటలు ముందుంటుంది. మెన్సాలో రాత్రి భోజనం అయ్యేసరికి అక్కడ అర్ధరాత్రి దాటుతుంది. క్లాసు అయిపోగానే, సాయంత్రం ఐదు ఆరింటికి చేసుకోవడం మేలు. అమ్మానాన్నలకి ఒక మాట: మూడు నెలలైనా కార్డు రాలేదంటే మీ పిల్లలు ఏదో తప్పు చేశారని కాదు. అందరికీ అంతే.

సూట్‌కేసులో ఏం పెట్టుకోవాలి?

మూడు లీటర్ల కుక్కర్, రెండు అదనపు గాస్కెట్లు. ఇక్కడి ప్లగ్గుల్లో మూడు పిన్నులూ ఒకే వరుసలో ఉంటాయి, మన పిన్ను దూరదు. వోల్టేజ్ మాత్రం 230 కాబట్టి అడాప్టర్ ఉంటే మన మిక్సీ తిరుగుతుంది. చలికోటు ఇక్కడే కొనండి, జనవరి మొదటి వారంలో దేశమంతటా సేల్స్ మొదలవుతాయి. అప్పటిదాకా లోపల వేసుకునే థర్మల్స్ చాలు. జనన ధృవీకరణ పత్రం అపోస్టిల్‌తో, డిగ్రీ, మార్కుల జాబితాలు ఒరిజినల్స్, ఇవన్నీ చేతి సంచిలో.

పచ్చళ్లలో ఆవకాయ, గోంగూర, టమాటా తెచ్చుకోండి, మూత చుట్టూ టేపు గట్టిగా వేయండి. యూరప్ బయటి నుంచి మాంసం, పాలతో చేసినవి సామానులో తేవడం నిషేధం, కాబట్టి చికెన్ పచ్చడి, నెయ్యి డబ్బా, పాలకోవా ఇంట్లోనే వదిలేయాలి. పచ్చి కరివేపాకు కూడా అంతే. ఎండుమిరపకాయలు, సాంబారు పొడి, కందిపొడి తెచ్చుకోవచ్చు. కందిపొడి కాస్త ఎక్కువే వేసుకోండి, మొదటి నెలలో రూమ్మేట్లు అయిపోగొడతారు.